బానెట్ మీద బూడిద రంగు

బానెట్ మీద కొట్టిన తెల్లరంగు కళ్ళముందే ముడతలు పడుతుంటే, స్ప్రే గన్ను చేతిలో పట్టుకుని కొయ్యబారిపోయిన డ్రైవరమ్మని పోయిన వారం అక్కడే వదిలేసి వెళ్ళిపోయాం మనం. వారం రోజులుగా పాపం ఆమె అలాగే నిలబడి ఉంది. ఎదురుగా కారు, పక్కన స్టూలు మీద మామగారు, చుట్టూ రేకుల షెడ్డు.

కథలోకి ఇప్పుడే అడుగుపెట్టినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పుకోవాలి. ఆమెని వీధిలో డ్రైవరమ్మ అంటారు. మొదట్లో వెక్కిరింతగా అన్నారు, తర్వాత అలవాటుగా అన్నారు, ఇప్పుడు ఆమె అసలు పేరు చెబితే పోస్టుమాను కూడా తెల్లమొహం వేస్తాడు. కారుని బొంత అంటారు. పాత సామాన్లవాడికి కుట్టుమిషను ఇచ్చేసి తెచ్చుకున్న కారు అది. ఒక తలుపు ఎరుపు, ఒకటి నీలం, డిక్కీ ఏ రంగో దాన్ని తయారుచేసినవాడు కూడా చెప్పలేడు. ఇంజను మాత్రం గట్టిది. రేపు సోమవారం ఉదయం తొమ్మిదింటికి ఈ బొంతని తీసుకెళ్ళి ఆస్పత్రి ముందు నిలబెట్టాలి. రాత్రి డ్యూటీ నర్సులని ఇళ్ళ నుంచి తీసుకొచ్చి, తెల్లారాక దింపడానికి వాళ్ళకి ఒక కారు కావాలి. కారంతా తెల్లగా, ఒకటే రంగులో, గీత లేకుండా ఉండాలని షరతు. చూసి సరేనంటే పని ఆమెదే. పనితోబాటు ఆస్పత్రి వెనక డ్రైవరు ఉండడానికి ఒక గది కూడా ఇస్తారు. ఆ గది సంగతి ఆమె ఇంట్లో ఎవరి చెవినా వెయ్యలేదు.

ఎందుకు వెయ్యలేదంటే, ఆ ఇల్లు అలాంటిది. మామగారూ మొగుడూ, ఆ తండ్రీ కొడుకులిద్దరూ, మాట్లాడుకోక ఆరేళ్ళయింది. తండ్రి బోర్డుల మేస్త్రి. ఒకప్పుడు ఊళ్ళో సగం దుకాణాల పేర్లు ఆయన చేత్తో రాసినవే. కొడుకు వెళ్ళి వెళ్ళి ఫ్లెక్సీలు అచ్చేసే షాపులో చేరాడు. చేరి ఊరుకోలేదు, నాన్న రాసిన బోర్డులే ఒక్కొక్కటీ దింపించి ఆ చోట ఫ్లెక్సీలు కట్టించాడు. ఆ రోజు నుంచి ఆ ఇద్దరి మధ్యా మాట లేదు. మాట లేకపోతే పని ఆగుతుందా? మధ్యలో కోడలు ఉందిగా. ‘నాన్నకి చెప్పు’ అని కొడుకు, ‘వాడితో చెప్పమ్మా’ అని తండ్రి. పక్కపక్కన కూచుని భోంచేస్తూ కూడా ఉప్పు గిన్నె ఇటు జరపమని ఆమె ద్వారానే అడిగించుకుంటారు. జ్వరంతో మూలుగుతూ పడుకున్న రోజున కూడా మంచం మీద నుంచే అటు మాట ఇటు, ఇటు మాట అటు మోసింది. నాలుగు రోజులు పుట్టింటికి వెళ్ళొస్తానంటే, ‘నువ్వు లేకపోతే ఇంట్లో ఎలా చెప్పు’ అంటాడు మొగుడు, మెత్తగా. చెయ్యెత్తే మనిషి కాదు, గొంతెత్తే మనిషీ కాదు. తిట్టేవాడైతే ఎదురు తిరిగి ఎప్పుడో బయటపడేది. అంత మెత్తని మనిషితో ఏమని పోట్లాడాలో ఆమెకి ఈనాటికీ తెలియలేదు.

సరే, షెడ్డులోకి వెళ్దాం.

ఒకప్పుడు అది మేస్త్రి బోర్డులు రాసుకున్న చోటు. గోడవారగా ఇంకా కొన్ని నిలబెట్టి ఉన్నాయి, తీసుకెళ్ళడానికి ఎవరూ రానివి, సగం రాసి ఆపేసినవి. మధ్యలో బొంత. చక్రాలకి గోనె సంచులు, అద్దాలకి పాత పేపర్లు. టేపు చాలక డోరు హ్యాండిళ్ళకి గ్రీజు పూసింది, రంగు పడినా తర్వాత తుడిచేస్తే పోతుందని. దుమ్ము లేవకుండా నేలంతా నీళ్ళు చల్లింది. రేకుల సందులకీ తలుపుకీ లోపలి నుంచి ప్లాస్టిక్ పట్టా వేసి చుట్టూ టేపు అంటించింది. వాసన పోవడానికి కిటికీలో టేబుల్ ఫ్యానుని బయటికి తిప్పి పెట్టింది. కంప్రెసర్, స్ప్రే గన్ను పంక్చర్ షాపువాడివి. వాడి ఆటోకి సీటు కవర్లు చేత్తో కుట్టిపెట్టే ఒప్పందం మీద ఇచ్చాడు, చీకటి పడేలోగా తెచ్చి ఇవ్వాలన్నాడు.

మధ్యాహ్నం రెండవుతోంది. పైకప్పు, డోర్లు, డిక్కీ చక్కగా వచ్చాయి. మిగిలింది బానెట్. దాని మీద ఒక్క కోటు కొట్టి వెనక్కి జరిగిందో లేదో, కాగిన పాల మీద మీగడ కట్టినట్టు రంగు పైకి లేచి మడతలు పడిపోయింది.

“ఏమైందమ్మా?” అన్నాడు మేస్త్రి.

అని స్టూలు మీద నుంచి లేవలేదు. డ్రైవరమ్మ మొట్టమొదట పట్టుకున్నది అదే. ఎవరి బోర్డు మీదో ఒక సున్నా వంకర పోయిందంటే అన్నం ముందు నుంచి లేచి వెళ్ళిపోయే మనిషి ఆయన. ఇంత పెద్ద బానెట్ ఇలా తగలబడితే కూచున్న చోటు నుంచి కదలలేదు.

“మీరే చూడండి మామయ్యగారూ.”

“చూస్తున్నా. ఉక్క ఎక్కువగా ఉంది. చెమ్మకి అలాగే అవుతుంది.”

“చెమ్మకి రంగు పాలిపోతుందని చెప్పారు మీరు. ముడతలు పడుతుందని చెప్పలేదు.”

ఆయన మెడలో తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. మళ్ళీ తుడుచుకున్నాడు. మొహం మీద చెమట లేదు.

కంప్రెసర్ ఆపేసింది. ఒక్కసారిగా షెడ్డు నిశ్శబ్దమైపోయి, పక్కింటివాళ్ళు ఇసుక జల్లిస్తున్న చప్పుడు వినపడింది. గాలి ఇటువైపే వీస్తోంది. అంటే, డోర్ల మీద తడి ఆరేదాకా తలుపు తియ్యడానికి లేదు. తీస్తే ఆ ఇసుకంతా వచ్చి తెల్లరంగు మీద కూచుంటుంది. ఇంకో అరగంట ఆ షెడ్డులోనే ఆ ఇద్దరూ ఉండాలి.

డ్రైవరమ్మ ఒంగి బానెట్ అంచున గోరుతో గీరింది. తెలుపు కింద బూడిద రంగు. అది ఉండాల్సిందే, అసలు రంగుకి ముందు వేసే ప్రైమర్ బూడిద రంగుదే. శనివారం ఆమె కంప్రెసర్ కోసం తిరుగుతుంటే మేస్త్రి బ్రష్షుతో కారంతా ప్రైమర్ వేసి ఉంచాడు. ఇవాళ పొద్దున తడి ఉప్పుకాగితంతో రుద్దే పని మొదలుపెట్టినప్పుడు, ‘బానెట్ నేను చూసుకుంటా, నువ్వు డోర్లు రుద్దమ్మా’ అన్నాడు. ఎంత మంచి మామగారు అనుకుంది అప్పుడు.

డోరు లోపలి అంచున, తెల్లరంగు పడని చోట గీరి చూసింది. పొడి రాలింది. మళ్ళీ బానెట్ మీద గీరింది. జీడిపాకంలా గోటికి అంటుకుని సాగింది. వాసన చూసింది. ఆరేళ్ళుగా మామగారి చొక్కాలు ఉతుకుతోంది, ఆ వాసన ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు.

మూల ఉన్న ప్రైమర్ డబ్బా ఎత్తి చూసింది. అడుగంటి ఉండాల్సిన డబ్బా బరువుగా ఉంది. సరిగ్గా ఒక బానెట్‌కి సరిపడా.

“ఇది ప్రైమర్ కాదు. మీ బోర్డుల ఎనామిల్.”

ఎనామిల్ మీద కారు రంగు కొడితే, దాన్లో కలిపే థిన్నర్ కింద ఉన్న ఎనామిల్‌ని కొరికి పైకి లేపేస్తుంది. ఈ సంగతి డ్రైవరమ్మ ఏ పుస్తకంలోనూ చదవలేదు. పోయిన మంగళవారం, సొట్టలు పూడ్చే లప్పం కలపడం నేర్పుతూ ఈ మేస్త్రే చెప్పాడు, రెండుసార్లు చెప్పాడు, మర్చిపోకమ్మా అని మూడోసారి కూడా చెప్పాడు.

“చూపు సరిగ్గా ఆనడం లేదు,” అన్నాడు చివరికి. “డబ్బా మారిపోయి ఉంటుంది.”

ఆమెకి నమ్మాలనిపించింది. నమ్మితే ఎంత హాయి. ముసలాయన, కళ్ళు కనపడలేదు, పొరపాటు చేశాడు, అయ్యో అనుకుని పనిలో పడొచ్చు. ఒక్క క్షణం నమ్మేసింది కూడా. కానీ ఆమె కళ్ళు గోడవార బోర్డుల పక్కనున్న ఆయన డబ్బాల మీద పడ్డాయి. తెలుపు, నలుపు, ఎరుపు, నీలం. ఉన్నవి ఆ నాలుగే.

“మామయ్యగారూ, మీ దగ్గర బూడిద రంగు డబ్బా లేదు.”

తువ్వాలు ఆయన చేతిలో ఆగిపోయింది.

“తెలుపులో నలుపు కలిపారు. డోర్ల మీద ప్రైమర్‌ని పక్కన పెట్టి చూసుకుంటూ కలిపారు. పొద్దున్నుంచి ఈ కారు చుట్టూ తిరుగుతున్నాను, రుద్దాను, కడిగాను, నాకే తేడా తెలియలేదు. అలా కలపడానికి మీకెంతసేపు పట్టింది?”

“గంటన్నర,” అన్నాడు మేస్త్రి తల దించుకుని. తర్వాత ఉండబట్టలేక, “మూడుసార్లు తప్పింది. చుక్క నీలం పడితే గానీ కుదరలేదు,” అన్నాడు.

ఆ చివరి మాటలో రవ్వంత గర్వం ఉంది. అది విని డ్రైవరమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది. కోపం వచ్చినప్పుడు విసురుగా తలుపు ధడాల్న వేసుకుని వెళ్ళిపోవడం మనుషులకున్న గొప్ప సుఖాల్లో ఒకటి. ఆ సుఖం కూడా లేదు ఆమెకి. అడుగు గట్టిగా వేస్తే దుమ్ము లేస్తుంది. అరిస్తే పక్కింటివాళ్ళు ఇసుక జల్లించడం ఆపి వింటారు. స్ప్రే గన్ను విసిరికొట్టడానికి అది తనది కాదు. రెండు చేతులూ ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడింది.

“ఎందుకు చేశారు?”

“కాగితం చూశాను. సీటు కింద పెట్టావు. ఆస్పత్రివాళ్ళది. గది ఇస్తామని ఉంది అందులో.”

“ఉంటే?”

“చెప్పకుండా పోదామనుకున్నావు.”

“చెబితే పోనిచ్చేవాళ్ళా?”

జవాబు ఇద్దరికీ తెలుసు. టేబుల్ ఫ్యాను గిరగిరా తిరుగుతోంది. థిన్నర్ వాసనకి ఆమె కళ్ళు మండుతున్నాయి, లేదా కన్నీళ్ళకి థిన్నర్ వాసన వంక దొరికింది.

“నువ్వు పోతే ఆ ఇంట్లో ఇద్దరం మిగులుతాం,” అన్నాడాయన. “వాడూ నేనూ. కాఫీ తాగావా అని అడిగే నోరు ఉండదు. నేను రాత్రి పడిపోతే వాణ్ణి లేపడానికి ఏమని పిలవాలి? పిలవడం అలవాటు తప్పిపోయిందమ్మా. భయమేసింది. అంతే.”

అబద్ధం చెబుతున్న గొంతులా లేదు. డ్రైవరమ్మకి జాలేసింది. జాలేసినందుకు తన మీద తనకే ఒళ్ళు మండింది. ఆరేళ్ళుగా ఈ జాలే కాళ్ళకి చుట్టుకుని ఆమెని ఇల్లు దాటనివ్వలేదు.

“మీరూ మీ అబ్బాయీ మాట్లాడుకోకపోతే ఆ శిక్ష నాకెందుకు?” అంది. “నేనేం చేశాను? బోర్డులు రాశానా, దింపానా? మీ ఇద్దరికీ నోళ్ళున్నాయి. నా నోరు నాకు కావాలి. పొద్దున లేచి నా మాట నేను మాట్లాడుకోవాలనుంది మామయ్యగారూ. ఆ గదిలో ఇంకేం లేకపోయినా ఫర్వాలేదు.”

ఇంత పొడుగు మాట ఆమె ఆ ఇంట్లో ఎప్పుడూ సొంతంగా మాట్లాడలేదు. మేస్త్రి ఆశ్చర్యపోయి చూశాడు. ఎప్పుడూ ఇంకొకరి మాటలు మోసుకొచ్చే మనిషి తన మాటలు తెస్తే ఎలా ఉంటుందో ఆయనకి ఇవాళే తెలిసింది.

“ఒక సంగతి చెప్పండి. బానెట్ ఒక్కటే ఎందుకు? చెడగొట్టేవాళ్ళు కారంతా చెడగొట్టొచ్చుగా.”

“మొదలుపెట్టింది బానెట్ దగ్గరే. అది అయ్యాక డోరు దగ్గరికి వచ్చాను. చెయ్యి రాలేదు.” వేళ్ళు చూసుకున్నాడు. “ఆ డోరు సొట్టకి నువ్వు లప్పం పెట్టి, ఉప్పుకాగితంతో మూడు రోజులు రుద్దావు. చెయ్యి పెట్టి చూస్తే అద్దంలా ఉంది. అంత మంచి పని మీద చెడ్డ కోటు వెయ్యడం నావల్ల కాలేదమ్మా. అక్కడి నుంచి అసలు ప్రైమరే వేశాను.”

డ్రైవరమ్మ బానెట్ వైపు చూసింది, డోర్ల వైపు చూసింది. ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఆయన కుట్రకి కూడా మేస్త్రితనం అడ్డం పడింది.

టైము రెండున్నర. ఏడిస్తే ఏడవొచ్చు గానీ బానెట్ ఆరదు. లెక్క వేసుకుంది. మొత్తం తుడిచేసి రేకు తేలేదాకా గీకాలి, మళ్ళీ ప్రైమర్ వెయ్యాలి, ఆరాలి, రుద్దాలి, రంగు కొట్టాలి, కంప్రెసర్ చీకటి పడేలోగా చేర్చాలి. థిన్నర్ అర సీసా ఉంది. తెల్లరంగు పల్చగా కొడితే ఒక్క కోటుకి వస్తుంది. ఇంకో డబ్బా తెద్దామన్నా ఆదివారం షాపు లేదు, షాపున్నా చేతిలో ఏమీ లేదు. ఒక్కతే గీకితే సాయంత్రమైపోతుంది.

మేస్త్రి స్టూలు మీద నుంచి లేచాడు. బోర్డుల వెనక నుంచి తన పాత లప్పం రేకు తీశాడు, అంచు వేలితో చూశాడు.

“ఇద్దరం గీకితే గంటలో తేలుతుంది. ఎనామిల్ ఇంకా పచ్చిగానే ఉంది. ఇవాళ రాత్రి కూడా దాటితే గట్టిపడేది.”

“మిమ్మల్ని నమ్మమంటారా?”

“వద్దు. పక్కనే నిలబడి చూస్తూ ఉండు.”

ఆమె పాత గుడ్డలు రెండు థిన్నర్‌లో ముంచింది, ఒకటి ఆయన చేతికి ఇవ్వబోయి ఆగింది. అడగాల్సింది ఇంకొకటి ఉంది, అన్నిటికంటే పెద్దది.

“మీ అబ్బాయికి తెలుసా, గది సంగతి?”

మేస్త్రి గుడ్డ అందుకున్నాడు. “వాడితో నేనెప్పుడు మాట్లాడాను?” అన్నాడు.

అవును కదా. డ్రైవరమ్మ గుండెల మీద నుంచి పెద్ద రాయి దిగింది. ఈ ఇంట్లో తను మోయకుండా ఒక్క ముక్క ఇటు నుంచి అటు వెళ్ళదు. ముసలాయన చూసిన కాగితం ముసలాయన దగ్గరే ఉంటుంది. ఆరేళ్ళలో మొదటిసారి, ఆ తండ్రీ కొడుకుల మౌనం తనకి పనికొచ్చింది. ఆదివారమైనా ఫ్లెక్సీ షాపుకి వెళ్ళిన మొగుడు వచ్చేసరికి ఏడవుతుంది. ఏడింటికి బొంత తెల్లగా మెరుస్తూ ఉంటుంది. తెల్లారి తను స్టీరింగు ముందుంటుంది.

చెరో వైపు నిలబడి తుడవడం మొదలుపెట్టారు. తెలుపు, బూడిద కలిసి గుడ్డకి ముద్దలు ముద్దలుగా వచ్చేస్తోంది. ముసలాయన చెయ్యి వణుకుతుంది గానీ లప్పం రేకు పట్టుకుంటే వణకదు. అంచు దగ్గర రేకు వాలుగా పట్టమని, లేకపోతే గీత పడుతుందని చూపించాడు. ఆమె అలాగే పట్టింది. పావుగంటకి బానెట్ మీద రెండు చేతుల వెడల్పున నున్నటి ఇనుము బయటపడింది.

“కుదురుతుంది,” అంది డ్రైవరమ్మ, తనకి తనే చెప్పుకున్నట్టు. మేస్త్రి ఆమె వైపు చూసి ఏదో చెప్పబోయాడు. చెప్పాల్సింది చెప్పడానికి ఆయనకి అప్పుడొక అవకాశం వచ్చింది. వదిలేసుకున్నాడు.

బయట చెప్పుల చప్పుడు అయింది. తలుపు దగ్గర ఆగింది. ప్లాస్టిక్ పట్టా మీద, రేకుల సందులోంచి, మనిషి నీడ సన్నగా పడింది.

“నాన్నా.”

మెత్తని గొంతు. డ్రైవరమ్మ మొగుడి గొంతు.

“కంప్రెసర్ ఆగిపోయింది. తను తిరిగి ఇచ్చి రావడానికి వెళ్ళిందా?”

మేస్త్రి చేతిలో గుడ్డ బానెట్ మీదే ఉండిపోయింది. కోడలి వైపు చూడలేదు. ఎటూ చూడలేదు.

“నాన్నా, వినపడుతోందా? బానెట్ ఒక్కటే అయితే కడిగేసుకుని మళ్ళీ వేసుకుంటుందని నిన్న రాత్రే చెప్పాను నీకు. తను పొద్దున లేచేలోగా మిగతాది కూడా కానిచ్చెయ్యమన్నాను. కానిచ్చావా, లేదా?”

నాన్నా. ఆ ఒక్క మాట ఆ నోటి నుంచి వినడానికి ఆరేళ్ళుగా డ్రైవరమ్మ పడని పాట్లు లేవు. ఒక మాట తియ్యగా మార్చి చెప్పింది, ఒక మాట మింగేసింది, ఇద్దరినీ ఒక గదిలో కూచోబెట్టి తను వంటింట్లోకి తప్పుకుంది. కలిసే రోజు వస్తే గుడ్డిగా సంతోషించేది. వచ్చింది ఆ రోజు. ఎప్పుడు వచ్చిందో కూడా ఆమెకి తెలియదు, నిన్నో, మొన్నో, ఆ కాగితం దొరికిన రోజో. తండ్రీ కొడుకులు కలిశారు. ఆమె పోకుండా ఆపడానికి కలిశారు.

డ్రైవరమ్మ గుడ్డ పక్కన పెట్టింది. వేళ్ళకంటిన బూడిద రంగు నెమ్మదిగా చీర కొంగుకి తుడుచుకుంది. మామగారి వైపు తిరిగి, రోజూ భోజనాల దగ్గర మాట్లాడే గొంతుతోనే, తలుపు అవతలికి స్పష్టంగా వినపడేలా అంది.

“మామయ్యగారూ, మీ అబ్బాయి అడుగుతున్నారు. ఏం చెప్పమంటారు?”

ముసలాయన గుడ్డని బానెట్ మీదే వదిలేసి స్టూలు వైపు నడిచాడు. పట్టా మీద నీడ తలుపుకి దగ్గరగా జరిగింది.

తర్వాత, ఎవరినీ నిద్ర లేపకూడదన్నంత మెత్తగా, తలుపుకి బయటి గడియ పడింది.